తాత సున్నాలు కొట్టేసిన రోజు

ఇప్పటి పిల్లలకు కంప్యూటర్ అంటే వేలితో తాకే వస్తువు. నేను ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, కనీసం మా ఆఫీసులో, అది మాటలతో చెప్పి పని చేయించుకోవాల్సిన వస్తువు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, చివర్న మిణుకుమిణుకుమంటూ ఒక చిన్న గీత. ఆ గీత ‘ఊఁ, చెప్పు’ అన్నట్టు చూస్తూ ఉండేది. మనం ఒక లైను టైపు చేసి ఎంటర్ కొడితే ఆ పని చేసి, మళ్ళీ ‘ఊఁ, చెప్పు’ అనేది. ‘నిజంగానే చేయమంటావా? బాగా ఆలోచించుకున్నావా?’ అని ఇప్పటి ఫోన్లలా బతిమాలేది కాదు. చెప్పింది చెప్పినట్టు చేసి ఊరుకునేది. నేనూ అప్పట్లో అచ్చం అలాంటిదాన్నే. ఎదురు ప్రశ్న వేస్తే ఎక్కడ తెలివితక్కువదనుకుంటారో అని, అర్థం కాకపోయినా తల ఊపి పని మొదలుపెట్టేదాన్ని. అలాంటివి రెండు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటే ఏమవుతుందో నాకు ఒకే ఒక్క పూటలో తెలిసొచ్చింది.

అది అనంతపురంలో ఒక చిన్న సంస్థ. పేరెందుకులెండి. (జిల్లా ఇంకా రెండుగా విడిపోలేదు, తనకల్లు నుంచి విడపనకల్లు దాకా అంతా ఒకటే కరువు.) ఇరవై ఊళ్ళలో వాన డబ్బాలు పెట్టించి, ఏ ఊళ్ళో ఎంత వాన పడిందో రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలిపించి రాసిపెట్టడం మా పని. ఒక్కో ఊళ్ళో ఒక్కో మనిషి డబ్బా చూసి మాకు ఫోన్ చేసేవాళ్ళు. ఆ ఫోన్లు ఎత్తి, వాళ్ళు చెప్పిన అంకెలు కంప్యూటర్‌లో కొట్టడం నా ఉద్యోగం. నన్ను ఇంటర్వ్యూ చేసింది ఆ కంప్యూటర్ ప్రోగ్రాము రాసిన పరుపుల భాయ్. (వాళ్ళ నాయనకు పాతూరులో పరుపులు కుట్టే దుకాణం ఉండేది. కొడుకు ఇంజనీరింగు చదివి ప్రోగ్రాములు రాసినా ఊరు ఆ పేరు వదల్లేదు.) ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “నీకు హిస్టరీ వచ్చునా పాపా?” నేను ఛాతీ విరుచుకొని, “వచ్చన్నా, బి.ఏ.లో నాది హిస్టరీనే, ఫస్టు క్లాసు,” అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, “ఆ హిస్టరీ కాదు తల్లీ. పై బాణం ఒత్తితే వచ్చే హిస్టరీ,” అన్నాడు. అయినా ఉద్యోగం ఇచ్చాడు. ఇంకెవరూ రాలేదని తర్వాత తెలిసింది.

ఆ హిస్టరీ సంగతి ఏమిటంటే, మనం ఆ నల్ల తెర మీద కొట్టిన ప్రతి లైనునూ అది గుర్తు పెట్టుకుంటుంది. కీబోర్డు మీద పై బాణం ఒకసారి ఒత్తితే ఇందాక కొట్టిన లైను మళ్ళీ వచ్చి నిలబడుతుంది. ఇంకోసారి ఒత్తితే దానికి ముందుది. వచ్చిన లైనులో పక్కకు జరిగి, కావాల్సిన అక్షరం మార్చుకొని, ఎంటర్ కొట్టుకోవచ్చు. కంప్యూటర్ కట్టేసి మర్నాడు తెరిచినా నిన్నటి లైన్లు అలాగే ఉంటాయి. నేను నోరు తెరిచి, “ఇదంతా మీరే రాసినారా అన్నా?” అంటే భాయ్ నిజాయితీగా తల అడ్డంగా ఊపాడు. “నేను యాడ రాస్తా? ఇదొక లైబ్రరీ. ఎవరో మహానుభావులు రాసి, ఎవరైనా వాడుకోండప్పా అని ఊరికే ఇచ్చినారు. నేను దాన్ని నా ప్రోగ్రాముకు తగిలిచ్చినా, అంతే.” లైబ్రరీ అనగానే నేను గది చుట్టూ చూశాను, పుస్తకాలు ఎక్కడున్నాయా అని. ఆయన మళ్ళీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. (నేను ఆయన దగ్గర పనిచేసిన మూడేళ్ళలో ఆయన కళ్ళద్దాలు ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేవి. కారణం నేనే.)

భాయ్ ఆ ప్రోగ్రాముకు తెలుగు మాటలే నేర్పాడు, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. ‘వాన’ అంటే రాసుకోవడం, ‘చూపు’ అంటే చూపించడం, ‘తుడుపు’ అంటే చెరిపేయడం. ఊళ్ళ పేర్లు పొడుగని, డబ్బా చూసే మనుషులనే ఊళ్ళ పేర్లుగా పెట్టాడు. విడపనకల్లు దగ్గరి ఊరు ‘టైలరు’. తనకల్లు మండలంలో ఒక ఊరు ‘తాత’, ఎందుకంటే అక్కడ డబ్బా చూసేది గొర్రెలు తోలుకునే ఒక ముసలాయన. ‘వాన తాత’ అని కొట్టి, తేదీ వేసి, పడిన వాన ఎన్ని మిల్లీమీటర్లో వేసి ఎంటర్ కొడితే ఆ ఊరి లెక్క ఆ రోజుకు చేరిపోయేది. ఇక మా జిల్లాలో వాన లెక్కలు రాసే ఉద్యోగం అంటే సున్నా కొట్టే ఉద్యోగమే కదా. నిన్న సున్నా, ఇవాళ సున్నా. కొత్తగా టైపు చేయాల్సింది ఏముంది? పై బాణం ఒత్తడం, తేదీ మార్చడం, ఎంటర్ కొట్టడం. నెల తిరిగేసరికి ఆ మీట మీద గుర్తు అరిగిపోయింది. కరువు సీమలో పై బాణానికి ఉన్నంత పని ఇంకే మీటకూ లేదని నేను గొప్పగా అందరికీ చెప్పుకునేదాన్ని.

ఆ ఏడాది చెనిక్కాయ విత్తిన తర్వాత తాత వాళ్ళ ఊళ్ళో చినుకు పడలేదు. రోజూ పొద్దున్నే ఫోన్ మోగేది. నేను “ఊఁ, చెప్పు తాతా” అనేదాన్ని. ఆయన “సున్నా పాపా” అనేవాడు. నలభై మూడు రోజులు వరుసగా అదే మాట. ఆ తర్వాత ఫోన్ రావడం ఆగిపోయింది. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. నేనూ పట్టించుకోలేదు, మిగతా పంతొమ్మిది ఊళ్ళు ఉన్నాయి కదా. ఐదో రోజు మధ్యాహ్నం మూడింటికి ఒక పెద్ద మీటింగు. ఏ ఊళ్ళకు ముందుగా గొడ్ల మేత లారీలు పంపాలో అక్కడ తేలుస్తారు. ఎక్కువ రోజులు వరుసగా వాన లేదని మా పట్టీ చూపిస్తే ఆ ఊరికి ముందు గడ్డి. పట్టీలో ఏమీ లేకపోతే ఆ ఊరి ఎదురుగా ‘సమాచారం లేదు’ అని పడుతుంది, సమాచారం లేని ఊరి మాట ఎవరూ ఎత్తరు. తాత ఊళ్ళో అప్పటికే వాములు అయిపోయి, గొడ్లను సంతకు తోలే మాటలు మొదలయ్యాయట.

ఆ పొద్దున భాయ్ ఆఫీసులో లేడు. వజ్రకరూరులో కొత్త వాన డబ్బా పాతించడానికి వెళ్ళాడు. తొమ్మిదింటికి ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సగం గాలి, సగం మాట. “పాపా, ఇంటాండావా? తాత... కదిరి నుంచి... సున్నాలు... అన్నీ కొట్టెయ్. సారు మీటింగుకు పోకముందే... తాతవి మర్చిపోవద్దు...” వెనకాల జనం గోల. ఎవరో “ఏమప్పా, దొరికిందా?” అని అడుగుతున్నారు. భాయ్ విసుగ్గా, “వజ్రం కాదప్పా, వాన డబ్బా! వాన డబ్బా పాతుతాండాం!” అంటున్నాడు. (ఆ ఊళ్ళో నేల తవ్వేవాణ్ణి ఎవరూ ఊరికే వదలరు.) అంతటితో ఫోన్ తెగిపోయింది.

ఇక్కడ మీకు ‘కొట్టు’ అనే మాట గురించి చెప్పాలి. అది చేయని పని లేదు. వాన కొడుతుంది, ఎండ కొడుతుంది, ఫోన్ కొడతాం, ఎంటర్ కొడతాం. దానికి తోక తగిలించి ‘కొట్టెయ్’ అంటే, చకచకా కొట్టి ముగించు అని ఒక అర్థం. గీత గీసి తీసేయ్ అని ఇంకో అర్థం. (ఎవరి వస్తువైనా కొట్టేయడం అని మూడో అర్థం కూడా ఉంది. ఆ రోజు నేను చేయనిది అదొక్కటే.) తాత సున్నాలన్నీ కొట్టెయ్ అన్నాడు భాయ్. ఫోన్ రాకపోతే తాత కొత్త సున్నాలు ఎక్కడివి? ఉన్నవి పాత సున్నాలే. అంటే వాటిని తీసేయమనే కదా! దానికి తోడు రెండు రోజుల ముందే మా సారు (కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, కాగితం అంటే ప్రాణం) “ఈ సున్నాలన్నీ ప్రింటులో ఎందుకమ్మా, కాగితం దండగ” అన్నారు. ఒకటీ ఒకటీ కలిపి రెండు అనుకున్నాను. సున్నా అంటే ఏమీ లేనిదే, దాన్ని తీసేస్తే పోయేదేముంది అని నాకు నేనే ఒక ఫస్టు క్లాసు వివరణ ఇచ్చుకున్నాను.

మళ్ళీ ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారా? అదే నా జబ్బు అని ముందే చెప్పాను. ‘తుడుపు తాత’ అని కొట్టి, మొదటి తేదీ వేసి, ఎంటర్ కొట్టాను. పై బాణం, తేదీ మార్పు, ఎంటర్. పై బాణం, తేదీ మార్పు, ఎంటర్. నా వేళ్ళు ఆ పొద్దున ఎంత ముచ్చటగా ఆడాయో చెప్పలేను. వేరే ఎవరైనా అయితే గంట పట్టే పని, నేను పావుగంటలో నలభై మూడు సార్లు తాతను తుడిచేసి, కుర్చీలో వెనక్కి వాలి, టీ తెప్పించుకున్నాను. సారు గదిలోంచి “తాత ఊరిది అయిందా అమ్మా?” అని అడిగితే, “కొట్టేశాను సార్!” అన్నాను. ఆయన “గుడ్” అన్నారు. ఆ ‘గుడ్’కు మురిసిపోయిన నా మొహం ఇప్పుడు గుర్తొస్తే దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది.

పదకొండు గంటలకు గుమ్మంలో ఒక పొడుగాటి ముసలాయన నిలబడ్డాడు. తలకు తువ్వాలు, చేతిలో కట్టె, కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. “వాన లెక్క రాసే ఆఫీసు ఇదేనా? నేను తనకల్లు కాడి నుంచి వస్తాండా,” అన్నాడు. గొంతు వినగానే లేచి నిలబడ్డాను. ఆయనా నా గొంతు గుర్తుపట్టాడు. “నువ్వేనా పాపా, దినామూ ‘ఊఁ చెప్పు తాతా’ అనేది? గొంతు ఇని ఇంకా లావుగా ఉంటావనుకుంటి,” అని నవ్వి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకొని, “ఏదీ, నా సున్నాలు ఒకసారి చూపిచ్చు. ఇన్ని దినాలు చెప్తి గదా, ఎట్లుంటాయో కంటితో చూసి పోదామని,” అన్నాడు.

‘చూపు తాత’ అని కొట్టాను. తెర మీద తేదీలు వరుసగా దిగాయి. వాటి పక్కన ఏమీ లేదు. తాత ముందుకు వంగి పై నుంచి కింది దాకా శ్రద్ధగా చూశాడు. “ఏమీ లేదు గదా పాపా?” “ఏమీ లేదు తాతా.” “అదే గదా నేను చెప్పింది, ఏమీ లేదనే. బాగా రాసినావు,” అని తృప్తిగా తల ఊపాడు. నేనూ ఊపాను. ఇద్దరం కాసేపు ఆ ఖాళీని చూసి సంతోషించాం. తర్వాత ఆయన తువ్వాలు సర్దుకుంటూ, “ఇంగ ఈ నాల్గు దినాలవి కూడా ఏసుకో. మా ఊర్లో ఫోన్లు పనిచేయక నాల్గు దినాలాయె. పొద్దున కదిరిలో బస్సు దిగి పరుపులాయప్పకు ఫోన్ చేసి చెప్తి, నాల్గూ సున్నాలేనప్పా అని. ‘ఆ పాపతో కొట్టిచ్చేస్తాలే, నువ్వు రా’ అనె,” అన్నాడు.

కొట్టిచ్చేస్తా అన్నాడట. భాయ్ కొట్టమన్నది ఈ నాలుగు సున్నాలు. నేను కొట్టేసింది ఆ నలభై మూడు. ఇప్పుడు పట్టీ తీస్తే తాత ఊరి ఎదురుగా ‘సమాచారం లేదు’ అని వస్తుంది. ఆ ఊరి గొడ్లకు గడ్డి లేకుండా చేసింది కరువు కాదు, నేను. పక్కన ఆయన, “మాకు గడ్డి వస్తాది గదా పాపా? మా కోడలు ఆవును అమ్మేస్తామంటే అన్నం మానేసింది,” అంటున్నాడు. ఆ మాట విన్నాక నాకు నిజంగా ఏడుపొచ్చింది. సారు గదిలోంచి, “ఏమ్మా, ప్రింటు తీయమంటావా?” అన్నారు. “ఒక్కసారి సరిచూస్తున్నా సార్!” అని ఫోన్ అందుకున్నాను.

దేవుడి దయ, లైను దొరికింది. “కొట్టేసినావా పాపా?” అన్నాడు భాయ్. “కొట్టేసినా అన్నా.” “భేష్.” “అది కాదన్నా... కొట్టేసినా.” “అదే గదా, భేష్ అంటాండా.” “అన్నా, కొట్టలే. కొట్టేసినా. తుడిపేసినా!” అవతల కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడని నాకు తెలుసు. “ఎన్ని?” అన్నాడు. “అన్నీ.” నేను ఊహించినట్టు అరవలేదు, చాలా మెల్లగా అన్నాడు. “ఏడవాకు. తెర మూయాకు. దినామూ ఒత్తుతావే, పై బాణం, దాన్ని ఒత్తు. ఏమొచ్చింది?” “తుడుపు తాత.” “ఇంకోటి.” “తుడుపు తాత.” “ఇంకోటి.” “తుడుపు తాత.” “ఎంత తుడిచినావు తల్లీ ఆ ముసలాయన్ని!” పక్కన తాత చెవి ఇటు వేసి, “పరుపులాయప్ప నా గురించేనా అడుగుతాండేది?” అన్నాడు. “ఔ తాతా, నువ్వెట్లున్నావని అడుగుతాండాడు.” “మంచోడు,” అన్నాడు తాత.

భాయ్ విడమరిచి చెప్పాడు. నేను తుడిచింది వాన లెక్కనే గానీ, ఆ లెక్క రాయడానికి నేను రోజూ కొట్టిన లైన్లను కాదు. అవి వేరే చోట, ఆ లైబ్రరీ దాచుకునే హిస్టరీలో ఉంటాయి. నలభై మూడు తుడుపులు దాటి వెనక్కి పోతే నలభై మూడు సున్నాలు తేదీలతో సహా అక్కడే ఉంటాయి. “వాటి మధ్యలో మిగతా ఊర్లవి కూడా ఉంటాయి. అందుకని పై బాణం వద్దు, ఎతుకు. కంట్రోల్ పట్టుకోని ఆర్ కొట్టు.” కంట్రోల్ పట్టుకొని ఆరు కొట్టాను. ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టాను. “ఆరు కొడితే ఏమీ రాలేదన్నా,” అన్నాను. “లెక్కల ఆరు కాదు పాపా, ఇంగ్లీషు ఆర్!” ఈసారి తెర మీద వెతుకులాట మొదలైంది. ‘వాన తాత’ అని కొట్టగానే తుడుపులన్నిటినీ దాటుకొని ఒక లైను ఎదురుగా వచ్చి నిలబడింది. వాన తాత, ఐదు రోజుల కిందటి తేదీ, సున్నా. నా జన్మలో ఒక సున్నాను చూసి అంత సంతోషపడలేదు.

అప్పుడే నా బుర్రకు ఇంకో లెక్క తట్టింది. ఈ హిస్టరీ ఐదు వందల లైన్ల దాకానే గుర్తు పెట్టుకుంటుందని భాయే ఒకప్పుడు చెప్పాడు. రోజుకు ఇరవై ఊళ్ళు, నలభై మూడు రోజులు. ఎనిమిది వందలు దాటింది. అంటే మొదటి రోజులు ఎప్పుడో పోయి ఉంటాయి! “అన్నా, ఐదొందల లైన్లే గదా ఉండేది?” అంటే, భాయ్ తాపీగా, “అదెప్పుడో ఎత్తేసినాలే,” అన్నాడు. “ఎత్తేసినావా? ఏమెత్తేసినావన్నా? హిస్టరీనా?” “హద్దు ఎత్తేసినా పాపా! ఐదొందలే అనే హద్దు! ఎన్నైనా గుర్తుంటాయి ఇప్పుడు.” అమ్మయ్య అనుకున్నాను. మా మాటల్లో ఈ ‘ఎయ్’ అనే తోకను ఎవరైనా చట్టం చేసి నిషేధిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆర్ మీద ఆర్ కొట్టుకుంటూ వెనక్కి పోయాను. ఒక్కో తేదీ చదువుతుంటే పక్కన తాత ఊరుకోలేదు. “ఆ పొద్దా? ఆ పొద్దు పక్కూర్లో పడింది, మాకు పడలే. రోడ్డుకు అవతల తడి, ఇవతల దుమ్ము.” ఇంకో తేదీ. “ఆ పొద్దు మా మనవరాలి నామకరణం. అందరూ వాన పేరు పెట్టమనిరి.” ఇంకోటి. “ఆ పొద్దు పెద్ద మోడం వచ్చింది పాపా, నల్లంగ.” ఆయన అంటున్నది మబ్బు సంగతి. సరిగ్గా అప్పుడే గదిలోంచి వచ్చిన సారుకు ఆ మాట ఒక్కటే వినపడింది. “మోడెం వచ్చిందా? నాకు చెప్పలేదేం? నెల నుంచీ ఇంటర్నెట్ కోసం చూస్తున్నాను, ఎక్కడ పెట్టారు?” అన్నారు. తాత సారును జాలిగా చూసి, “వచ్చింది సామీ, నిలబడలే. గాలి లేసి ఎత్తకపోయింది,” అన్నాడు. సారు ఆ వార్తను అర్థం చేసుకోలేక గడియారం చూసుకుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళారు. నేను ఆ తర్వాత చాలా కాలం దాకా ఆయనకు ఆ ముక్క విడమరిచి చెప్పలేదు.

మొట్టమొదటి సున్నా దొరికింది. “ఇప్పుడు కంట్రోల్ పట్టుకోని ఓ కొట్టు,” అన్నాడు భాయ్. “ఓ...” అని మిగతా మాట కోసం ఎదురు చూశాను. “ఓ అంతే పాపా! అక్షరం!” అదొక వింత మీట. ఎదురుగా ఉన్న లైనును నడిపించి, హిస్టరీలో దాని తర్వాతి లైనును తనే తెచ్చి నిలబెడుతుంది. మిగతా ఊళ్ళవి మళ్ళీ పడినా అవే అంకెలు కాబట్టి నష్టం లేదు. “కొట్టుకుంటా పో. కానీ చివర్న నీ తుడుపులు వస్తాయి. ఆడ ఆగకపోతే మళ్ళీ మొదటికొస్తాం,” అన్నాడు. కొట్టాను. ఎనిమిది వందల పైచిలుకు లైన్లు, ఎండిన రోజులన్నీ నా కళ్ళ ముందు మళ్ళీ ఒకసారి నడిచిపోయాయి. ఊపులో ఒక తుడుపు నా వేలి కింద నుంచి జారిపోయింది కూడా. (మొదటి రోజు సున్నా. ఆ ఒక్కదాన్ని మళ్ళీ వెతికి తెచ్చి కూర్చోబెట్టాను.) తర్వాత తాత తెచ్చిన నాలుగు సున్నాలు, ఒక్కొక్కటీ చేత్తో, తేదీ రెండుసార్లు చదివి కొట్టాను. ‘చూపు తాత’ అన్నాను. తేదీల పక్కన సున్నాలు బారుగా, నిండుగా దిగాయి. నలభై ఏడు. ఒక్కటీ తప్పిపోలేదు. “నలభై ఏడన్నా!” అన్నాను. ఫోన్‌లో భాయ్ గట్టిగా ఊపిరి వదలడం వినపడింది. వెనకాల ఎవరో “దొరికిందా అప్పా?” అంటే, “దొరికినాయప్పా, నలభై ఏడు!” అన్నాడు. ఆ గుంపులో ఏం కలకలం రేగిందో నాకు తెలియదు.

సారు ప్రింటు తీసుకొని రెండున్నరకు బయల్దేరారు. పట్టీలో తాత ఊరు పై నుంచి రెండోది. (వారం తిరగకుండా వాళ్ళ ఊరికి గడ్డి లారీ వచ్చింది. కోడలు అన్నం తిందని తాత నాకు ప్రత్యేకంగా ఫోన్ చేసి చెప్పాడు.) సారు స్కూటరు మలుపు తిరిగాక నేను ఉండబట్టలేక తాతకు జరిగిందంతా చెప్పేశాను. పొద్దున చూసి సంతోషించిన ఖాళీ సున్నాలది కాదని, నేను అన్నీ తుడిచేశానని, మళ్ళీ వెతికి పెట్టానని. తిడతాడనుకున్నాను. ఆయన గడ్డం గీరుకుంటూ, “అయితే అన్నీ మళ్ళీ కొత్తగా ఏసినావన్న మాట,” అన్నాడు. “ఔ తాతా.” “ఎట్లా కొత్తగా ఏస్తాంటివి గదా, ఒక్క దినమన్నా వాన ఏయకపోతివా!” అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయన కళ్ళు తెర మీదే ఉండటం చూశాను.

“ఎంత ఏయమంటావు తాతా?” అన్నాను. “నిజంగానా?” “ఎంటర్ కొట్టకపోతే లెక్కలోకి పోదులే. ఊరికే చూసుకుందువు.” ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ‘వాన తాత’ అని కొట్టి, ఆ రోజు తేదీ వేసి ఆగాను. “అరవై ఏయి,” అన్నాడు. అరవై వేశాను. వెంటనే, “వద్దొద్దు, అరవై ఎక్కువైతాది. నేల కోసుకోని పోతాది. ముప్పై చాలు,” అన్నాడు. వెనక్కి జరిగి, ఆరు తీసి మూడు పెట్టాను. తెర మీద ముప్పై. తాత చాలాసేపు చూశాడు. “ఇది రాత్రి పడిందా, పగలా?” “రాత్రి పడింది తాతా. పొద్దున ఎనిమిదిన్నరకు నువ్వు కొలిచినావు.” “ఊఁ. నిదానంగా పడింటాది, తెల్లార్లూ,” అన్నాడు. ఆ తర్వాత ఆయనే లేచి, కట్టె అందుకొని, “ఇంగ తీసెయ్ పాపా. బస్సుకు టైమైతాంది,” అన్నాడు. లైను మొత్తాన్ని చెరిపే మీట ఒకటి ఉంది. ఒకే దెబ్బకు పోతుంది. నేను మాత్రం ఒక్కో అక్షరమే వెనక్కి తీసుకుంటూ వచ్చాను.

ఇప్పుడు నాకు కళ్ళద్దాలు వచ్చాయి. కొత్తగా చేరిన పిల్లలు మెరిసే తెరల మీద వాన లెక్కలు రంగురంగుల్లో చూపిస్తారు. నేను మాత్రం ఏదైనా తేడా వస్తే ఆ నల్ల తెర తెరిచి పై బాణమే ఒత్తుతాను. కొట్టిన లైన్లన్నీ అందులో దొరుకుతాయి, ఎంటర్ కొట్టని లైను దొరకదు. తాత చూసిన ఆ ముప్పై మిల్లీమీటర్లు ఏ పట్టీలోనూ లేవు, ఏ హిస్టరీలోనూ లేవు. ఆ పొద్దున నలభై మూడు సార్లు ఆలోచించకుండా ఎంటర్ కొట్టిన ఆ తిక్కపిల్ల, ఒక ముసలాయన కళ్ళారా వాన చూసుకునేంతసేపు ఎంటర్ మీద వేలు పడకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని కూర్చుంది. ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది.